అమెరికా కేథలిక్ బాలికల హైస్కూల్లో పదో తరగతి: సోఫమోర్ ఏడాదికి సిద్ధం కావడం ఎలా

మన ఇళ్లలో పదో తరగతి అనగానే పబ్లిక్ పరీక్షలు, హాల్ టికెట్లు, తెల్లవారుజామున నాలుగింటికే వెలిగే దీపం గుర్తుకు వస్తాయి. అమెరికాలో అదే తరగతిని సోఫమోర్ అంటారు. ఇక్కడి హైస్కూలు చదువు నాలుగేళ్లు: తొమ్మిదిలో ఫ్రెష్‌మన్, పదిలో సోఫమోర్, పదకొండులో జూనియర్, పన్నెండులో సీనియర్. తొమ్మిదిలో చేరిన పిల్లలను బడి కొత్త కోడళ్లను చూసుకున్నట్టు చూసుకుంటుంది. పదకొండులో కాలేజీ కౌన్సెలర్లు వెంటపడతారు, పన్నెండులో ఇల్లంతా దరఖాస్తుల చుట్టూ తిరుగుతుంది. పదిలో మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అందువల్ల మన తల్లిదండ్రులు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు పదో తరగతి అన్న మాటకే బెదిరిపోయి పిల్లను ట్యూషన్లలో ముంచేస్తారు. మరికొందరు పెద్ద పరీక్షేమీ లేదు కదా అని ఏడాది మొత్తాన్ని గాలికి వదిలేస్తారు. మేము రెండవ రకం. దాని ఫలితం నవంబరు రిపోర్టు కార్డులో కనిపించింది.

మా అమ్మాయి చదివేది సిస్టర్లు నెలకొల్పిన ఒక కేథలిక్ బాలికల హైస్కూలు. మేము కేథలిక్కులం కాము. అమెరికాలో ఇటువంటి బడులకు చరిత్ర చాలా ఉంది. న్యూ ఆర్లీన్స్‌లోని ఉర్సులైన్ అకాడమీ ఫ్రెంచివారి ఏలుబడిలో, 1727లో మొదలైంది. వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ విజిటేషన్ బడి 1799 నాటిది. కాన్వెంటులో చదువుకున్న మన తల్లులకు అసెంబ్లీ ప్రార్థన, పాలిష్ చేసిన బూట్లు, సిస్టర్ల కంటిచూపు వంటివి పరిచితంగానే తోస్తాయి. చిక్కులన్నీ మిగిలిన సగంలో ఉంటాయి. ఆ సగం గురించి, మేము ఆలస్యంగా నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టులో స్కర్టు సంగతి

పుస్తకాలకన్నా ముందు స్కర్టు చూడండి. ఫ్రెష్‌మన్ ఏడాదికి కుట్టించిన గళ్ల స్కర్టు పదిహేనేళ్ల పిల్లకు మరుసటి ఆగస్టుకు రెండు అంగుళాలు పొట్టిదవుతుంది. ఆపైన నడుము దగ్గర దాన్ని ఒకటి రెండు చుట్లు మడిచి ఇంకా పొట్టి చేసుకోవడం ఈ బడులలో ఏ తరం పిల్లలకూ ఎవరూ నేర్పనక్కరలేని విద్య. బడి హ్యాండ్‌బుక్‌లో మోకాలికి ఎన్ని అంగుళాల పైవరకు అనుమతి ఉందో స్పష్టంగా రాసి ఉంటుంది. దానిని దాటితే చాలా బడులలో డీమెరిట్, అంటే తప్పుకు ఒక చెడ్డ మార్కు, వేస్తారు, కొన్ని డీమెరిట్లు పోగైతే సాయంత్రం డిటెన్షన్, అంటే బడి అయ్యాక శిక్షగా కూర్చోబెట్టడం. ఫ్రెష్‌మన్‌లో చూసీచూడనట్టు వదిలేసిన టీచర్లే సోఫమోర్‌లో ఊరుకోరు, ఎందుకంటే ఇప్పుడు నియమం తెలియదని చెప్పే వీలు లేదు.

కొత్త స్కర్టు ఖరీదు తక్కువేమీ కాదు. వేసవిలో తల్లుల సంఘం వారు పాత యూనిఫాంల అమ్మకం పెడతారు, మొదటి గంటలోనే వెళ్లాలి. మేము వెళ్లలేదు. లోపలి మడత విప్పి అంచు దించాను. సరిపోయింది గానీ, ఏడాదిపాటు మడత ఉన్న చోట రంగు వెలవకుండా ముదురు గీత ఒకటి అడ్డంగా మిగిలింది. జూన్ దాకా మా అమ్మాయి ఆ గీతతోనే బడికి వెళ్లింది, నన్ను తలచుకుంటూ.

హ్యాండ్‌బుక్‌ను ఆగస్టులో ఒకసారి తల్లీకూతుళ్లిద్దరూ కలిసి చదవడం మంచిది. ఫోన్ ఎక్కడ పెట్టాలి, ఎన్ని గైర్హాజర్లకు క్రెడిట్ పోతుంది, మన పండుగకు సెలవు కావాలంటే ఎన్ని రోజుల ముందు ఉత్తరం ఇవ్వాలి, బొట్టు, ముక్కుపుడక, మెహందీ వంటివాటి మీద నియమం ఏమిటి అన్నవి ముందే తేల్చుకోవాలి. ముక్కుపుడక గురించి అడిగినప్పుడు మతాచారం అని వివరిస్తే ఒప్పుకొనే బడులున్నాయి; పెట్టుకొని వెళ్లాక వివరించడం వేరు, ముందే అడగడం వేరు.

చదువు

ఈ ఏడాది సాధారణంగా ఇంగ్లీషు, ప్రపంచ చరిత్ర, కెమిస్ట్రీ లేక బయాలజీ, జామెట్రీ లేక ఆల్జీబ్రా రెండవ భాగం, స్పానిష్, ఫ్రెంచి, లాటిన్‌లలో ఒక భాష రెండవ ఏడాది, వీటితోపాటు తప్పనిసరిగా థియాలజీ, అంటే క్రైస్తవ మత పాఠం, ఉంటాయి. మార్కులు జీపీఏగా, అంటే అన్ని సబ్జెక్టుల గ్రేడుల సగటుగా మారతాయి. మామూలు లెక్కలో గరిష్ఠం 4.0, ఆనర్స్ (అదే సబ్జెక్టు కఠినమైన స్థాయిలో), ఏపీ తరగతులకు అదనపు బరువు కలిపే బడులలో అంతకు మించి పోతుంది. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, కాలేజీ స్థాయి పాఠాన్ని హైస్కూల్లో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. సోఫమోర్లకు ఎక్కువగా దొరికేది ప్రపంచ చరిత్ర ఏపీ. పరీక్ష మే నెలలో, ఫలితం 1 నుంచి 5 వరకు ఒక అంకెగా వస్తుంది. అయితే ఏడాది పొడవునా సాగే తరగతులకు పరీక్ష నమోదు శరదృతువులోనే, నవంబరు మధ్యలోపు ముగిసిపోతుందన్నది చాలామంది తల్లిదండ్రులు గమనించరు.

పబ్లిక్ పరీక్ష లేకపోవడం వల్ల ఇక్కడ చిన్న చిన్న క్విజ్‌లు, ల్యాబ్ రిపోర్టులు, హోమ్‌వర్కు, తరగతిలో మాట్లాడిన తీరు, అన్నీ కలిసి మార్కు అవుతాయి. ఆఖరి నెలలో కూర్చొని బట్టీ పట్టి గట్టెక్కే మన పద్ధతి పని చేయదు. అక్టోబరులో మా అమ్మాయికి కెమిస్ట్రీ పరీక్షలో 61 వచ్చింది. మోల్ లెక్కలు అర్థం కాలేదని నాకు తెలుసు. టీచరుకు నేనే ఈమెయిలు రాయబోతే తను అడ్డుపడింది. చివరకు తనే మూడు వాక్యాలు రాసింది: ఏ లెక్క దగ్గర ఆగిపోయిందీ, ఆ లెక్కను తను ఎంతవరకు చేసిందీ, గురువారం బడి అయ్యాక రావచ్చా అనీ. టీచరు ఆ గురువారం సాయంత్రమే రమ్మన్నారు. తరగతికి ఇరవై మంది చొప్పున ఉండే ఇటువంటి బడిలో మనం అంత ఫీజు కట్టి కొనుక్కుంటున్నది ఈ గురువారం సాయంత్రాన్నే. దానిని వాడుకోకుండా బయట ట్యూషన్ పెట్టడం నాకు తెలివైన పనిగా తోచదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. కాలేజీ దరఖాస్తులకు సిఫారసు ఉత్తరాలు సాధారణంగా జూనియర్ ఏడాది టీచర్లు రాస్తారు. కానీ చిన్న బడులలో పదిలో కెమిస్ట్రీ చెప్పినవారే పదకొండులో ఏపీ కెమిస్ట్రీ చెప్పే సందర్భాలు చాలా ఉంటాయి. అలాంటప్పుడు 61 నుంచి పైకి వచ్చిన పిల్ల గురించి వారికి రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటి నుంచీ 95 తెచ్చుకొని, నోరు మెదపకుండా కూర్చున్న పిల్ల గురించి ఏం రాస్తారు?

కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి ముందస్తు పరీక్ష అయిన పీఎస్ఏటీ గురించి రెండు మాటలు చాలు. అక్టోబరులో చాలా బడులు సోఫమోర్ల చేత కూడా దీనిని రాయిస్తాయి. కొన్ని బడులు వసంతంలో పీఎస్ఏటీ 10 పెడతాయి. 2023 నుంచి ఇది కంప్యూటరు మీద జరుగుతున్నది, రెండుంపావు గంటల లోపు అయిపోతుంది, మార్కులు 320 నుంచి 1520 వరకు. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీకి లెక్కకు వచ్చేది పదకొండులో రాసినదే కనుక పదిలో వచ్చిన అంకెను చూసి సంబరాలూ వద్దు, శోకాలూ వద్దు. ఏ రకం ప్రశ్నలు తప్పాయో చూసుకొని పక్కన పెట్టవచ్చు.

థియాలజీ, దివ్యపూజ

కేథలిక్ కాని పిల్లలకు అసలైన తడబాటు ఇక్కడ. ఫ్రెష్‌మన్ ఏడాదిలో బైబిలు, యేసుక్రీస్తు పరిచయం ఉంటాయి. కథలు కనుక సాఫీగా సాగిపోతుంది. అమెరికా కేథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2007లో ఆమోదించిన పాఠ్య ప్రణాళికను అనుసరించే బడులలో సోఫమోర్‌కు పాస్కా రహస్యం, అంటే క్రీస్తు శ్రమలు, మరణం, పునరుత్థానం వల్ల మానవులకు రక్షణ ఎలా కలిగిందన్న సిద్ధాంతం, ఆ తరువాత ఆ కార్యాన్ని శ్రీసభ, అంటే కేథలిక్ చర్చి, ఎలా కొనసాగిస్తున్నదన్న పాఠం వస్తాయి. ఇది కథ కాదు, తర్కం. నమ్మకం ఉన్నవారికే కష్టమైన పాఠం.

మా అమ్మాయి మొదటి వ్యాసంలో పాస్కా రహస్యాన్ని కర్మ సిద్ధాంతంతో పోల్చి రాసింది. బాగుందనుకున్నాము. బీ మైనస్ వచ్చింది. పక్కన టీచరు పెన్సిలుతో రాసిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: ముందు శ్రీసభ ఏమంటున్నదో దాని మాటల్లోనే చెప్పు, తరువాత నీ ఆలోచన చెప్పు. ఇది మంచి సూత్రం. థియాలజీ కూడా చరిత్ర, గణితం లాగే మార్కులుండే సబ్జెక్టు. అక్కడ విశ్వాసానికి మార్కులు వేయరు, అర్థం చేసుకున్న తీరుకు వేస్తారు. కనుక పాఠంలోని పదాలకు నిర్వచనాలు విడిగా ఒక నోటుబుక్కులో రాసుకోవడం, ప్రతి వ్యాసంలో బైబిలు నుంచి ఒక వచనాన్నీ కేథలిక్ సత్యోపదేశం (చర్చి బోధనల అధికారిక గ్రంథం) నుంచి ఒక పేరానూ చూపడం, ఆ తరువాతే తన ఇంటి ఆలోచనను తేవడం అలవాటు చేయండి. ఇలా రాసిన పిల్లకు ఇల్లు వేరు, బడి వేరు అన్న నలుగుబాటు కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఏది ఎవరి మాటో తనకే తెలుస్తుంది.

బడి మొత్తం కలిసి జరుపుకొనే దివ్యపూజలు (మాస్ అనే ఆరాధన) ఏడాదికి కొన్ని ఉంటాయి: ఏడాది మొదట్లో ఒకటి, నవంబరు 1న సకల పునీతుల పండుగకు, డిసెంబరు 8న నిష్కళంక మాత పండుగకు, విభూతి బుధవారానికి, ఇంకా ఆ బడిని స్థాపించిన సంఘం పండుగకు. అందరూ హాజరు కావాలి. కూర్చున్నప్పుడు కూర్చోవడం, లేచినప్పుడు లేవడం మర్యాద. మోకరించడం, సిలువ గుర్తు వేసుకోవడం, జపాలు పైకి చెప్పడం కేథలిక్ కానివారికి తప్పనిసరి కాదు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్ర అప్పం, మాత్రం కేథలిక్ కానివారు స్వీకరించకూడదు. అందరితోపాటు వరుసలో వెళ్లి రెండు చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకొని నిలబడితే పూజ చేసే ఫాదర్ ఆశీర్వదించి పంపుతారు. లేదా బల్ల దగ్గరే కూర్చోవచ్చు. ప్రసాదం పెడితే కాదనకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పిన మన పిల్లలు అలవాటుగా చేయి చాచేస్తారు. దీనిని ఇంట్లో ముందే చేసి చూపించండి, సిగ్గుపడనక్కరలేదు. విభూతి బుధవారం నాడు నుదుట పెట్టే బూడిదను మాత్రం ఎవరైనా పెట్టించుకోవచ్చు, వద్దనుకుంటే మానవచ్చు.

తపస్సు కాలంలో, అంటే విభూతి బుధవారం నుంచి ఈస్టర్ ముందు వరకు సాగే వారాలలో, శుక్రవారాలు పద్నాలుగేళ్లు దాటిన కేథలిక్కులు మాంసం మానాలి, చేపలు, గుడ్లు, పాలు తినవచ్చు. ఆ వారాలలో బడి క్యాంటీన్ మెనూ చూసి శాకాహారుల పిల్లలకు ప్రాణం లేచివస్తుంది.

బడిని ఏ సంఘం స్థాపించిందో, ఆ స్థాపకురాలు ఎవరో తెలుసుకోవడం కూడా ఉపయోగమే, ఎందుకంటే ప్రసంగాలు, సేవా కార్యక్రమాలు, చివరికి హౌస్‌ల పేర్లు కూడా ఆ కథ నుంచే వస్తాయి. మెర్సీ సిస్టర్ల బడి అయితే 1831లో డబ్లిన్‌లో ఆ సంఘాన్ని పెట్టిన కేథరిన్ మెకాలే పేరు వారానికొకసారి వినిపిస్తుంది. చారిటీ సిస్టర్ల బడి అయితే ఎలిజబెత్ ఆన్ సీటన్. భర్త పోయి, ఐదుగురు పిల్లలతో మిగిలి, 1809లో మేరీలాండ్‌లో ఆ సంఘాన్ని మొదలుపెట్టారు, 1975లో పునీతురాలిగా ప్రకటించబడ్డారు. అమెరికాలో పుట్టినవారిలో ఆ గౌరవం మొదట దక్కినది ఆమెకే. మా అమ్మాయి ఇటువంటి జీవితాలను మతంగా కాక, పంతం గల ఆడవాళ్ల చరిత్రగా చదివింది. బడివారికీ అందులో అభ్యంతరం కనిపించలేదు.

సేవా గంటలు

చాలా కేథలిక్ హైస్కూళ్లు ఏడాదికి ఇన్ని గంటలు సమాజ సేవ చేయాలని నియమం పెడతాయి. సంఖ్య ఒక్కో బడికి ఒక్కో రకం. కొన్ని బడులు ఫ్రెష్‌మన్‌కన్నా సోఫమోర్‌కు పెంచుతాయి, కొన్ని ఎటువంటి సేవ చేయాలో కూడా నిర్దేశిస్తాయి. ఎదుటి మనిషితో నేరుగా మాట్లాడే సేవకే గంటలు లెక్కిస్తామనే బడిలో, గుడిలో హుండీ లెక్కింపులో సాయపడినా, బాలవికాస్ తరగతికి కాగితాలు కత్తిరించినా కుదరదు. ముందు సేవా సమన్వయకర్తను అడిగి, ఆ చోటుకు ఆమోదం తీసుకొని, ఆ తరువాత మొదలుపెట్టాలి.

మాకు జరిగినది చెబుతాను. జూలైలో మా అమ్మాయి ఒక ఫుడ్ బ్యాంకులో పద్నాలుగు గంటలు పని చేసింది. బియ్యం, డబ్బాల బీన్స్ సంచులలో సర్దడం, వచ్చినవారి చేతికి అందించడం. ఫారం మీద సంతకం తరువాత చేయించుకోవచ్చులే అని ఇద్దరమూ అనుకున్నాము. మార్చిలో గడువు వచ్చింది. ఫోన్ చేస్తే ఆ పర్యవేక్షకురాలు ఉద్యోగం మాని వెళ్లిపోయారన్నారు; కొత్తగా వచ్చినవారు తాము చూడని పనికి సంతకం పెట్టలేమన్నారు, అందులో న్యాయం ఉంది. పద్నాలుగు గంటలూ పోయాయి. ఏప్రిల్‌లో నాలుగు శనివారాలు వృద్ధాశ్రమంలో కూర్చొని మళ్లీ మొదటి నుంచి చేసింది. గమ్మత్తేమిటంటే ఆ నాలుగు శనివారాలే ఆమెకు నచ్చాయి. అక్కడ ఒక పెద్దావిడకు గోళ్ల రంగు వేయడం తన పనిగా మారి, గంటలు పూర్తయ్యాక కూడా వెళుతున్నది.

ఆడపిల్లల మధ్య

మగపిల్లలు లేని తరగతి గదిలో ఆడపిల్లలు చేయి ఎత్తడానికి జంకరన్నది ఈ బడులవారు గొప్పగా చెప్పుకొనే మాట, అందులో నిజం ఉందని నేనూ చూశాను. రోబోటిక్స్ క్లబ్బులో రెంచీ పట్టుకొనేదీ ఆడపిల్లే, లెక్క రాసేదీ ఆడపిల్లే. కానీ ఫ్రెష్‌మన్‌లో కుదిరిన స్నేహ బృందాలు సోఫమోర్ మొదటి నెలల్లో చెదిరిపోతాయి. తరగతులు మారతాయి, కొందరు క్రీడాజట్టులో పై మెట్టుకు వెళతారు, ఒకరి పుట్టినరోజుకు ఒకరిని పిలవరు. భోజనాల బల్ల దగ్గర ఎక్కడ కూర్చోవాలో తెలియక లైబ్రరీలో కూర్చుంటున్నానని మా అమ్మాయి చెప్పింది, అది కూడా రెండు వారాలు గడిచాక, కారులో, నా ముఖం చూడకుండా. ఇటువంటప్పుడు తల్లి ఆ పిల్లల తల్లులకు ఫోన్ చేయడం పనికిరాదు. మధ్యాహ్నం భోజన సమయంలో సమావేశమయ్యే ఒక క్లబ్బులో చేరమని మాత్రం అన్నాను. పత్రికా బృందంలో చేరింది. వారానికి రెండు రోజులు బల్ల సమస్య తీరింది, తక్కిన మూడు రోజులు వాటంతట అవే సర్దుకున్నాయి.

క్లబ్బులు నాలుగైదింటిలో పేరు రాయించుకోవడం కన్నా ఒకటి రెండింటిలో నిలకడగా ఉండటం మేలు, ఎందుకంటే జూనియర్ ఏడాదికి పదవుల ఎంపిక చాలాచోట్ల సోఫమోర్ వసంతంలోనే జరుగుతుంది. ఆటలలో సోఫమోర్లు ఎక్కువగా జూనియర్ వర్సిటీ, అంటే బడి రెండవ జట్టులో ఉంటారు. వర్సిటీకి, అంటే ప్రధాన జట్టుకు ఎంపిక కాలేదని మానేయవద్దు.

డాన్సుల విషయం. దగ్గరలోని మగపిల్లల కేథలిక్ బడిని సోదర పాఠశాలగా భావించి, హోమ్‌కమింగ్ (బడి ఏటా జరుపుకొనే ఉత్సవం) డాన్సు వంటివి కలిపి జరుపుతారు. టీచర్లు, తల్లిదండ్రులు కాపలా ఉంటారు, బ్యాగులు చూస్తారు, ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, ముందుగా వెళ్లిపోతే మళ్లీ రానివ్వరు. గుంపుగా స్నేహితురాళ్లతో వెళ్లే ఆనవాయితీ బాగా ఉంది కనుక మన ఇళ్లలో కూడా పెద్ద తగువు లేకుండా పంపవచ్చు. గౌను భుజాల మీద నియమాలుంటే ముందే చదవండి. తండ్రీకూతుళ్ల డాన్సు వేరే ఉంటుంది. మా వారు ససేమిరా అన్నారు, వెళ్లారు, ఫొటోలలో అందరికన్నా ఎక్కువ నవ్వుతున్నది ఆయనే.

ఒక రోజు రిట్రీట్, అంటే చదువు పక్కనపెట్టి ధ్యానం, ప్రార్థన, మాటామంతీలతో గడిపే రోజు, కూడా ఉంటుంది. అక్కడ పిల్లలు చెప్పుకున్న మాటలు బయటకు చెప్పకూడదని నియమం. ఇంటికి వచ్చాక ఏమైందని గుచ్చి గుచ్చి అడగవద్దు. తరగతి గుర్తుగా బడి ఉంగరాలు ఇచ్చే ఉంగరాల వేడుక కొన్ని బడులలో సోఫమోర్ చివర, చాలా బడులలో జూనియర్‌లో జరుగుతుంది; ఆర్డరు నెలల ముందే ఇవ్వాలి.

ఫిబ్రవరిలో కూర్చోవలసిన సాయంత్రం

ఈ ఏడాదిలో ముఖ్యమైన రోజు ఏదంటే నేను పరీక్ష రోజు చెప్పను, మరుసటి ఏడాది సబ్జెక్టులు ఎంచుకొనే ఫారం ఇంటికి వచ్చే రోజు చెబుతాను. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. దానిని ముందు నుంచి కాక వెనక నుంచి పూరించాలి. పన్నెండులో కాలిక్యులస్ చదవాలంటే పదకొండులో ప్రీకాలిక్యులస్ ఉండాలి, దానికి పదిలో ఆల్జీబ్రా రెండు పూర్తయి ఉండాలి. పూర్తి కాకపోతే వేసవిలో చదవడానికి బడి ఒప్పుకుంటుందా అన్నది ఇప్పుడే అడగాలి. ఏపీ ఫిజిక్స్‌కు ఏ మార్కు కావాలి, ఏ టీచరు సంతకం కావాలి, భాష మూడవ ఏడాది కొనసాగించాలా అన్నవి ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాసుకుంటే, ఎక్కడ తలుపు మూసుకుంటున్నదో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మేము అలా రాస్తుంటేనే, మా అమ్మాయి ఆనర్స్ కెమిస్ట్రీలో లేకపోవడం వల్ల ఏపీ కెమిస్ట్రీకి ప్రత్యేక అనుమతి కావాలని తెలిసింది. ఆ గురువారం సాయంత్రాల టీచరే ఫారం మీద సంతకం పెట్టారు.

అదే సమయంలో ఫీజు సహాయానికి మళ్లీ దరఖాస్తు చేయాలి. ఒకసారి ఇచ్చారు కదా అని ఏటా దానంతట అది రాదు. మరుసటి ఏడాది సీటు కోసం డిపాజిట్ గడువు కూడా శీతకాలంలోనే పడుతుంది. నాయకత్వ శిక్షణకు హ్యూ ఓబ్రయన్ యూత్ లీడర్‌షిప్ (పొట్టిగా HOBY) అనే కార్యక్రమం 1958 నుంచి ఉంది, ప్రధానంగా సోఫమోర్ల కోసం ఉద్దేశించినది. బడి తరఫున పేరు పంపుతారు కనుక ఆసక్తి ఉంటే కౌన్సెలరుకు శరదృతువులోనే చెప్పి ఉంచాలి. ఇక డ్రైవింగు. రాష్ట్రాన్ని బట్టి వయసు మారుతుంది. కాలిఫోర్నియాలో పదిహేనున్నరకు పర్మిట్ ఇస్తారు, పదహారుకు లైసెన్సు కావాలంటే ఆరు నెలలు పర్మిట్ ఉంచుకొని, పెద్దలు పక్కనుండగా 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రివేళ. కెమిస్ట్రీ పరీక్షల వారంలో ఈ గంటలు పెట్టుకోవద్దు, ఇంట్లో ఇద్దరి రక్తపోటూ పెరుగుతుంది.

జూన్‌లో ఆఖరి పరీక్ష అయిన రోజున మా అమ్మాయి సేవా కార్యాలయానికి వెళ్లి జూనియర్ ఏడాది ఫారం అడిగి తెచ్చుకుంది, వేసవిలో చేసిన గంటలు అక్కడ వచ్చే ఏడాది ఖాతాలోకి వెళతాయి కనుక. ఆ శనివారం వృద్ధాశ్రమం నుంచి ఇంటికి వచ్చేసరికి మొదటి గడిలో తేదీ, రెండున్నర గంటలు, సంతకం ఉన్నాయి. సంతకం పక్కన కొంచెం గులాబీ రంగు గోళ్ల రంగు అంటి ఉంది.